పద్నాలుగు మందికి ఒక వేలు

గోడపని 62వ రోజు

గాలి మామూలు. ట్రాలీ నడిచింది. రెండో క్లిప్పు ఇవాళ చచ్చింది, ఇక మిగిలింది ఒక్కటే.

ఈ పుస్తకంలో అంకెలు తప్ప మరేమీ రాయొద్దని దిగువ ఆఫీసువాళ్ళు మొదటి పేజీలోనే అచ్చు వేయించారు. పైకి వచ్చి ఒక్క చలికాలం ఉంటే వాళ్ళకీ తెలుస్తుంది, మనిషి ఎంతకాలమని అంకెలతోనే మాట్లాడగలడో. నేను రాస్తాను. వద్దనుకుంటే కొట్టేసుకోండి.

నా పని చెప్పుకోడానికి చిన్నది. బట్టలారేసుకునే క్లిప్పు లాంటిది ఒకటి చూపుడు వేలికి తగిలిస్తే, లోపల ఎర్ర దీపం వెలిగి, నెత్తురు ప్రాణవాయువుని నూటికి ఎంత మోస్తోందో చెబుతుంది. పక్కనే నాడి కూడా చూపిస్తుంది. సముద్రం మింగకముందు మా లంకల్లో ఎవరి వేలికి పెట్టినా 97, 98 వచ్చేవి, ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. ఇక్కడ, ఈ కొండ నెత్తిన, 88 వస్తే పెళ్ళి భోజనం చేసినంత సంబరం. ఎదురుపడితే "అన్నం తిన్నారా" అనడం మానేసి "ఎంతుంది" అంటున్నాం.

85, ఆపైన ఉన్నవాళ్ళకి మంచుగోడ పని. అంతకి తగ్గితే అద్దాల షెడ్డులో తోటకూర పని. వరసగా రెండు రోజులు 80కి తగ్గితే తీగ మీద నడిచే ట్రాలీ ఎక్కి దిగువకి పోవాలి. ఒకసారి దిగిన మనిషిని మళ్ళీ పైకి రానివ్వరు. దిగువన ఏముందో అందరికీ తెలుసు. రేకుల షెడ్లు, వరసలు, ఎవరిదీ కాని నేల.

పళ్లాలమ్మ నడిపే పద్నాలుగు మంది ముఠాకి ఇది మూడో చలికాలం. తొంభయ్యో రోజుకి గోడ లేపి, ఎండాకాలం కరిగి పారేందుకు సిద్ధంగా ఉంచితే, ఇంటికో మడి రాసిస్తారు. మన్ను మోసుకొచ్చి కట్టిన మడి, నాలుగు మంచాలు పడితే ఎక్కువ. అయినా మడి మడే. పన్నెండు మందికి తగ్గితే మాత్రం ముఠా రద్దు.

నా గదికీ గోడకీ మధ్య రెండొందల పన్నెండు మెట్లు. రోజూ పొద్దున్నే ఎక్కి, పద్నాలుగు వేళ్ళకీ నేనే క్లిప్పు పెట్టాలని రూలు. నాకు యాభై ఎనిమిదేళ్ళు. ఇవాళ పొద్దున్న నూట నలభయ్యో మెట్టు దగ్గర కూర్చుండిపోయాను. పళ్లాలమ్మ దిగివచ్చి క్లిప్పు అందుకుంది.

"మీకెందుకండీ డాక్టరుగారూ ఈ మెట్లు? నాకిచ్చీండి. అందరికీ నేనే పెట్టి సాయంత్రం తెచ్చిచ్చేత్తాను. అంకెలన్నీ దాని కడుపులోనే ఉంటాయి కదా."

"నేను డాక్టర్ని కాదమ్మా. పశువుల ఆస్పత్రి కాంపౌండర్ని."

"మేం మాత్రం గేదెలకంటే గొప్పోళ్ళమేంటండీ," అని నవ్వి పట్టుకుపోయింది.

తప్పని తెలుసు. అలసిపోయాను. ఇవాళ్టి నుంచి క్లిప్పు ఆవిడే తీసుకెళ్తోంది.

66వ రోజు

గాలి మామూలు. ముఠాలో పద్నాలుగు మందికీ 90, 91. నాడి 67, 68.

నేను వెళ్ళే రోజుల్లో ఒకరికి 84 వచ్చేది, ఒకరికి 92. వేళ్ళు చల్లబడి ఉంటే క్లిప్పు తప్పు చెబుతుందని, చంకలో పెట్టించి వెచ్చబడ్డాక మళ్ళీ చూడాల్సి వచ్చేది. ఒకళ్ళిద్దరు వేలు పెట్టేముందు కొలిమి తిత్తుల్లా ఊపిరి ఎగబీల్చి నన్ను బురిడీ కొట్టించబోయేవాళ్ళు. ఇప్పుడా గొడవ లేదు. నాలుగు రోజులుగా అంతా బ్రహ్మాండం. వీళ్ళంతా ఒకే గుండెతో పనిచేస్తున్నారు అని పుస్తకం అంచున రాసుకుని, ఆ మాట నాకే బాగుందనిపించి కాసేపు నవ్వుకున్నాను.

71వ రోజు

అందరికీ 88. నాడి 76.

రెండు పాళ్ళు దిగింది, అందరికీ ఒకేసారి. గాలి పలచబడి ఉంటుంది. గోడ మీద మంచు బాగా పేరుతోందని ట్రాలీ మోటారు దగ్గరుండే సత్తిరాజు చెప్పాడు.

74వ రోజు

అందరికీ 85. నాడి 88.

దిగువ ఆఫీసుకి ఫోన్ చేశాను. పద్నాలుగు మంది కూడబలుక్కున్నట్టు ఒకే రోజు దిగుతుంటే నాకు భయమేస్తోందని చెప్పాను. గాలి బరువులో మార్పేమీ లేదన్నారు. క్లిప్పు తుడవమన్నారు, బ్యాటరీ మార్చమన్నారు. రెండూ చేశాను. సరిచూద్దామని నా వేలికి పెట్టుకున్నాను. 78 వచ్చింది.

నాకు 78 ఏమిటి? రెండేళ్ళుగా ఇక్కడే ఉన్నాను, నడుస్తున్నాను, రాస్తున్నాను. క్లిప్పు పాడైందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. తక్కువ చూపిస్తోంది. రేపటి నుంచి వచ్చిన అంకెకి ఐదు కలిపి రాస్తాను.

77వ రోజు

వచ్చింది 82. రాసింది 87. నాడి 97.

పళ్లాలమ్మ క్లిప్పు ఇచ్చేటప్పుడు నా ముఖంలోకి చూడలేదు. గోడ ఎంతవరకు వచ్చిందంటే, ఇంకా మూడు బారలుందని చెప్పింది. అందరూ ఎలా ఉన్నారని అడిగితే, "మన ఏసుపాదానికి కాస్త జలుబండీ. అంతే," అంది. ఈ చలిలో జలుబు లేనివాడెవడు?

80వ రోజు

వచ్చింది 89. నాడి 74.

ఒక్కసారిగా ఏడెనిమిది పాళ్ళు లేచింది, అందరికీ. బ్యాటరీ ఆలస్యంగా పనిచేసిందన్నమాట. ఐదు కలపడం మానేశాను. మధ్యాహ్నమే మంచమెక్కాను. ఇన్నాళ్ళకి మనసు నిమ్మళంగా ఉంది.

83వ రోజు

81న 87, 82న 85, ఇవాళ 83. మళ్ళీ దిగుతోంది. మళ్ళీ ఐదు కలుపుతున్నాను. ఈ దిక్కుమాలిన క్లిప్పుతో వేగలేను.

84వ రోజు, పొద్దున్న

పళ్లాలమ్మ ఏసుపాదాన్ని వీపున మోసుకుంటూ రెండొందల పన్నెండు మెట్లు దిగివచ్చింది. ఏసుపాదం నలభయ్యేళ్ళ మనిషి, ముఠాలో అందరికంటే దిట్టమైనవాడు. ఐస్ పలక ఒక్కడే ఎత్తేవాడు. పెదాలు నేరేడుపళ్ళు తిన్నట్టున్నాయి.

"రాత్రినించి దగ్గుతున్నాడండీ," అంది, నా గది గోడకి జారగిలబడి. "గొంతులో గురగుర. పొద్దున్న పిలిస్తే పలకలేదు."

వీపుకి చెవి ఆనించి విన్నాను. మూకుట్లో ఉప్పు వేయిస్తే వచ్చే చిటపట, ఊపిరి తీసినప్పుడల్లా. నిమ్ము చేసిన దూడల దగ్గర ఈ చప్పుడు ముప్పయ్యేళ్ళు విన్నాను. ఊపిరితిత్తుల్లో నీరు దిగింది. వేలు చంకలో పెట్టి వెచ్చజేసి, క్లిప్పు నేనే తగిలించాను.

58. నాడి 132.

"నిన్న ఇతనికి 83 ఉంది కదా," అన్నాను పుస్తకం తిప్పుతూ. "ఐదు కలిపి 88 రాశాను. రాత్రికి రాత్రి ఇంత ఎలా పడిపోతుంది?"

పళ్లాలమ్మ నేల చూసింది. అంతలో సత్తిరాజు గంట కొట్టాడు. గాలి తెరిపి ఇచ్చింది, ట్రాలీ నడుస్తుంది. పైన ఉన్న ఒక్క ప్రాణవాయువు సిలిండర్లో సగం మాత్రమే ఉంది. ఇలాంటి మనిషికి అసలు మందు కిందికి దించడమే, మిగతావన్నీ అంతవరకు ప్రాణం నిలబెట్టేవి. ఇద్దరం పట్టి ట్రాలీలో కూర్చోబెట్టాం. కంబళి ఆవిడే కప్పింది, అంచులు లోపలికి దోపింది. నేను పక్కన కూర్చున్నాను.

84వ రోజు, ట్రాలీలో

మొత్తం ఇరవై మూడు స్తంభాలు. కుదుపుల్లో రాత వంకరపోతోంది.

రెండో స్తంభం: 59. నాలుగు: 61. సిలిండరు కొద్దికొద్దిగా వదులుతున్నాను.

ఏడు: 60. దగ్గాడు. గులాబి రంగు నురగ. తుడిచాను. దేవుడా, ఇంకో పది స్తంభాలు ఓపిక పట్టించు. ఈ పుస్తకంలో దేవుడి పేరు రాయొచ్చో లేదో మొదటి పేజీలో లేదు.

పది: 66. పన్నెండు: 71. కళ్ళు తెరిచాడు.

"కాంపౌండరుగారూ," అన్నాడు. "నా వేలేనండీ."

"ఏంటి నీ వేలు?"

"పద్నాలుగు మందికీ. రోజూ నాదే పెట్టేవోళ్ళం. నాకెప్పుడూ తొంభైకి తగ్గేది కాదు కదండీ. మిగతావోళ్ళలో నలుగురు ఐదుగురు పడిపోతన్నారు. పళ్లాలమ్మక్క అంది, ఈ నాలుగు వారాలు గడిపేద్దాం అని." కాసేపు ఊపిరి కోసం ఆగాడు. "తర్వాత నాదే పడిపోవడం మొదలెట్టిందండీ. అక్కకి చెప్పాను. మీరొచ్చి చూత్తారనుకున్నాను. రోజూ అనుకునేవోణ్ణి, ఇవాళ మెట్లెక్కి వత్తారని."

కంబళి అతని గడ్డం దాకా లాగాను.

పదహారు: 77. పంతొమ్మిది: 81. సిలిండరు అయిపోయింది, అయినా అంకె ఎక్కుతూనే ఉంది. గాలి చిక్కబడుతోంది. నాకే తెలుస్తోంది, తల మీంచి ఎవరో తడిగోనె తీసేసినట్టు.

84వ రోజు, దిగువ స్టేషను, మధ్యాహ్నం

ఏసుపాదం 87. వెచ్చటి గదిలో మంచం, ముక్కుకి గొట్టం. ఇక్కడి నర్సు బతుకుతాడంది. పైకి వెళ్ళడం మాత్రం ఈ జన్మకి లేదంది. ఆ మాట అతని ముందే అంది. అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు.

నాకు వేడి టీ ఇచ్చారు. వేలికి క్లిప్పు పెట్టుకున్నాను, 93. ఇదే క్లిప్పు. దీన్నే నేను పాడైందన్నాను. దీనికి ఏ రోగమూ లేదు. పైన నాకు నిజంగానే 78. ఆ 78తోనే అన్నీ తేల్చాను.

పుస్తకం ముందేసుకుని మొదటి నుంచి చదివాను. పద్నాలుగు చోట్ల ఒకే నాడి చూసి నవ్వుకున్నది నేనేనా? ఎద్దుల సంతలో రెండు జతలకి ఒకే పళ్ళు చూపిస్తే కాలర్ పట్టుకునేవాణ్ణి. అందరి అంకెలూ కలిసి దిగుతుంటే, అది ఒక్క మనిషి మునిగిపోవడం అని నాకు తట్టలేదు. పైగా ఐదు కలిపాను. ఐదు ఎందుకు కలిపాను? ఆరు కలిపితే ఎవరైనా వద్దన్నారా? ఎవరో తాగి రాసిన రాతలా ఉంది, నా చేతిరాతలో. ప్రాణవాయువు తగ్గితే ముందు పోయేది ఊపిరి కాదు, తెలివి. అది పోయిన సంగతి పోయినవాడికి తెలియదు. ఈ వాక్యం పైవాళ్ళందరికీ నేనే పాఠం చెప్పేవాణ్ణి.

సిగ్గుతో చాలాసేపు కూర్చున్నాను. తర్వాత 80వ రోజు పేజీ దగ్గర చెయ్యి ఆగింది.

89, నాడి 74. బ్యాటరీ కాదు. వేలు మారింది. ఆ తర్వాత 87, నాడి 82. 85, నాడి 91. నిన్న 83, నాడి 104. ఏసుపాదానికి పది రోజులకి పైగా పట్టిన దిగుడు ఈ వేలికి మూడు రోజులే పట్టింది.

మంచం దగ్గరకి పరుగెత్తాను. ఇక్కడ పరుగెత్తగలుగుతున్నాను. "ఏసుపాదం, నీ తర్వాత ఎవరి వేలు పెట్టారు?"

"అక్కదేనండీ," అన్నాడు, అదేం ప్రశ్న అన్నట్టు. "ఇంకెవర్నీ అడగదు కదా. నా వాటా పలకలు కూడా తనే మోత్తంది."

ఆ అక్క పొద్దున్న అతన్ని వీపున వేసుకుని రెండొందల పన్నెండు మెట్లు దిగింది. క్లిప్పు నా చేతిలోనే ఉంది, ఆవిడ నా ఎదురుగానే ఉంది. వేలు ఇమ్మని అడగలేదు. తిరిగి ఆ మెట్లన్నీ ఎక్కి ఉంటుంది.

84వ రోజు, మూడు గంటలకి

పైకి ఫోన్ చేశాను. సత్తిరాజు మెట్లెక్కి వెళ్ళి ట్రాలీ దగ్గరి ఫోనుకి పిలుచుకొచ్చేసరికి అరగంట పట్టింది. పళ్లాలమ్మ గొంతు పెళ్ళివారింట్లో వంటమనిషి గొంతులా హుషారుగా ఉంది. ఆ హుషారుకే నాకు భయం వేసింది.

"మాకేటండీ, సుబ్బరంగా ఉన్నాం! గోడ ఇంకా ఒక్క బారే. గబగబా అయిపోతందండీ."

"పళ్లాలమ్మా, పని ఆపు. ఇప్పుడే ట్రాలీ ఎక్కి కిందికి రా."

"భలేవోరండీ. ఆరు రోజుల్లో మడి పెట్టుకుని దిగిపోమంటారా? నాకేం రోగం?"

"తల నొప్పిగా లేదూ? కాళ్ళు తడబడటం లేదూ?"

"ఏం లేదండీ. ఎగురుతున్నట్టుంది." నవ్వింది. "నన్ను దింపుతామంటే నా ముఠా ఒప్పుకోదు. అందరూ ఇక్కడే ఉన్నారు. ఏసుపాదం కూడా ఇదిగో, పక్కనే కూకుని నవ్వుతున్నాడు. మాట్లాడతారేంటి?"

నేను తలతిప్పి చూశాను. తెరిచిన తలుపులోంచి ఏసుపాదం మంచం కనిపిస్తోంది. పొద్దున్న అతని కంబళి అంచులు దోపిన మనిషి ఆవిడే.

లేడని చెప్పొచ్చు. వాదించొచ్చు. నేను 78తో ఎంత గట్టిగా వాదించానో నాకు తెలుసు, క్లిప్పుతో కూడా వాదించాను. ఆవిడకి ఇప్పుడు అంతకూడా ఉండి ఉండదు. తన కోసమైతే ఆవిడ దిగదు. లాగి ఎక్కించబోతే అక్కడికక్కడే పెనుగులాడుతుంది, ఆ ఆయాసమే చాలు ప్రాణం పోవడానికి.

"పళ్లాలమ్మా," అన్నాను. "నీకేం లేదు, నిజమే. ఏసుపాదానికే బాగోలేదు. అతని అంకె పడిపోయింది. వెంటనే కిందికి దించాలి. ఒక్కణ్ణే పంపితే దారిలో భయపడతాడు. నువ్వు తోడు రావాలి."

నవ్వు ఆగిపోయింది.

"అయ్యో, నిజమేనండీ. రాత్రినించి దగ్గుతున్నాడు. ఇప్పుడే తీసుకొత్తాను. ఇప్పుడే."

ఫోన్ వదిలేసి వెళ్ళిపోయింది. సత్తిరాజు అందుకున్నాడు.

"ఏంటండీ ఇది? ఏసుపాదం మీతోనే వచ్చాడు కదండీ. ఈవిడ ఎవర్నో చెయ్యి పట్టుకున్నట్టు పట్టుకుని నడిపిస్తోంది."

"నడిపించనీ. తలుపు తీసి పట్టుకో. ఇద్దరూ ఎక్కారా అని అడుగు. అక్కడెవరూ లేరని మాత్రం అనకు సత్తిరాజూ, నీ కాళ్ళు పట్టుకుంటాను."

లైన్లో గాలి చప్పుడు. తలుపు గొళ్ళెం చప్పుడు. తర్వాత సత్తిరాజు దూరంగా అడగటం వినిపించింది, "ఇద్దరూ ఎక్కారా అమ్మా?" అని.

"ఆయ్, ఎక్కేమండీ. పోనీండి."

84వ రోజు, సాయంత్రం

స్టేషను అరుగు మీద నిలబడి, నర్సునీ సిలిండరునీ పక్కనే పెట్టుకుని, స్తంభాలు లెక్కపెట్టాను. ట్రాలీ ఇంత నెమ్మదిగా నడుస్తుందని ఇన్నేళ్ళలో గమనించలేదు. మధ్యలో ఖాళీగా ఉండగా దిగువ ఆఫీసుకి జరిగినదంతా రాసిచ్చాను. వేలు మార్చింది ముఠా, కానీ మెట్లెక్కనిది నేను. ఐదు కలిపింది నేను. ముఠాని రద్దు చేసేముందు నన్ను రద్దు చెయ్యమని రాశాను. రేపు ఇక్కణ్ణుంచి ఒక నర్సు పైకి వెళ్ళి, ఉన్న పన్నెండు మందికీ ఎవరి వేలికి వారికి పెట్టి చూస్తుంది. నేనూ వెళ్తానన్నాను. 78 మనిషివి, నువ్వు కూడా ఎక్కడానికి లేదన్నారు. బాధపడాల్సిన మాటే. నిజం చెప్పాలంటే హాయిగా అనిపించింది, అంత అలసిపోయి ఉన్నాను.

ట్రాలీ ఆగింది. పళ్లాలమ్మ బల్ల మీద ఒక చివరికి ఒదిగి కూర్చుని ఉంది. మిగతా బల్లంతా వదిలేసింది. తన శాలువా తీసి ఆ ఖాళీ చోట పరిచి ఉంది, చలికి తను వణుకుతోంది. పెదాలు నల్లగానే ఉన్నాయి కానీ కళ్ళల్లో మనిషి తిరిగివచ్చింది.

నన్ను చూసింది. పక్కన శాలువాని చూసింది.

"పదకొండో స్తంభం దగ్గర తెలిసిందండీ, ఎవరూ లేరని," అంది మెల్లగా. "అప్పటిదాకా ఆడితో మాట్లాడుతూనే వచ్చాను. పలకట్లేదేంటా అనుకున్నాను."

"బతికే ఉన్నాడు. లోపల పడుకున్నాడు. 90కి వచ్చాడు."

ముఖం రెండు చేతుల్లో దాచుకుని ఏడ్చింది. గట్టిగా ఏడవడానికి కూడా ఊపిరి సరిపోలేదు. నర్సు గొట్టం పెట్టింది. కొంచెం తేరుకున్నాక నా వైపు తిరిగింది.

"అబద్ధం చెప్పి దింపేశారు కదండీ నన్ను."

"మూడు వారాలు నువ్వు నాకు చెప్పావు. నేను ఒక్కసారే చెప్పాను."

నవ్వబోయి దగ్గింది. "మడులు పోయినట్టేనాండీ?"

"తెలీదమ్మా. రాశాను. ఏమంటారో చూడాలి."

తల ఊపింది. నేను క్లిప్పు తీసి పట్టుకుని, ఎలా అడగాలో తెలియక నిలబడ్డాను. ఆవిడే చెయ్యి చంకలో పెట్టుకుని, బాగా వెచ్చబడేదాకా ఉంచి, చూపుడు వేలు చాపింది.

"పెట్టండి," అంది. "ఇది నాదొక్కదానిదే."

76 వచ్చింది. ఏమీ కలపకుండా రాశాను.